పడమటి గోడ

ఖరగ్‌పూర్ గోల్‌బజారులో గోనెపట్టాలు బేరం చేస్తుండగా ఫోను మోగింది. మా పక్కింటి దీదీ. "దాదా, ఏక్‌బార్ బాడీ ఆసూన్" అంది. ఒకసారి ఇంటికి రమ్మని. ఇన్నేళ్ల ఇరుగుపొరుగులో ఆవిడ నాకు ఫోను చేయడం అదే మొదలు. నేను అడిగింది ఒక్కటే. "గోడ పడిపోయిందా?"

"దేయాల్ ఠిక్ ఆఛే" అంది. గోడ బాగానే ఉందట.

నా భార్య మరణవార్త నాకు అందింది ఆ మాటలోనే. గోడ బాగానే ఉంది అన్నాక ఇంకేం అడగాలో తోచలేదు. ఫోను జేబులో పెట్టుకుని, పట్టాల కట్ట చంకన పెట్టుకుని టోటో రిక్షా ఎక్కాను. ఝపటాపూర్ మలుపులో టోటో అతను వెనక్కి తిరిగి, బంగాళాదుంపల వ్యాపారమా అని హిందీలో అడిగాడు. కాదు, గోడకి కప్పడానికి అన్నాను. అతను నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకు బాగా గుర్తుంది. అప్పటికే ఆమె లేదు.

ఇంటి దగ్గర్నుంచి నన్ను ఆస్పత్రికి తీసుకెళ్లారు. తెల్ల దుప్పటి కింద ఆమెను చూశాను. ఒక చేతికి రబ్బరు తొడుగు అలాగే ఉంది. రెండో చేతికి లేదు. ఆ చేతి గోళ్ల సందుల్లో సున్నం. ఇదేమిటని నర్సు అడిగింది. గార అన్నాను. ఆ అమ్మాయికి అర్థం కాలేదు. చూనా అన్నాను. గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు. పొద్దున నేను బయల్దేరుతుంటే గోడ ముందు నుంచి తల తిప్పకుండానే, "బేరాల్లో పడి పట్టాలు మరిచిపోకండి" అంది. అదే ఆఖరి మాట. పట్టాలు మరిచిపోలేదు.

ఈ పత్రిక చదివే ఖరగ్‌పూర్ తెలుగువాళ్లలో చాలామంది ఆమె దగ్గర సైన్సు చదువుకున్నారు. ఈ మధ్య కొందరు ఆమెను గడ్డి టీచరమ్మ అంటున్నారని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. ఆ గడ్డి సంగతే రాస్తాను. మిగతావి రాసే స్థితిలో ఇంకా లేను.

మా అత్తగారు ఊళ్లోనే పూరీ గేట్‌లో కొడుకు దగ్గర ఉంటారు. రేకుల ఇల్లు. మే నెలలో ఆ రేకుల కింద మనిషి ఉడికిపోవలసిందే. మా ఇంటికి రమ్మంటే రారు. కూతురింట కాపురం ఉండకూడదన్నది ఆవిడ పట్టు. మాకు పిల్లలు లేరు, ఇంట్లో రెండు గదులు ఖాళీ, అయినా రారు. నా భార్య ఏళ్ల తరబడి బతిమాలి విసిగిపోయి, చివరికి ఒక ఉపాయం పన్నింది. పెరట్లో విడిగా ఒక గది వేస్తానంది. వేసవిలో అమ్మ పడుకోవడానికి.

"ఇల్లు కట్టడం లేదమ్మా, గడ్డివాము వేస్తన్నాను. గడ్డివాములో పడుకోడానికి పరువేటి?"

"నీ సదువంతా మాటలకే సరిపోనాది" అన్నారు అత్తగారు. రానని మాత్రం అనలేదు.

గడ్డివాము అన్నది వట్టి మాట కాదు. బడి నుంచి రిటైరైన ఏడాది, ఒడిశా వైపు ఎక్కడో గడ్డిగోడల ఇళ్లు కట్టడం నేర్పుతున్నారని విని వెళ్లింది. గోళ్ల నిండా మట్టితో తిరిగొచ్చింది. మామూలు వరిగడ్డే. యంత్రంలో బిగించి పెట్టెల్లాంటి దిమ్మలు కడతారు. ఇటుకల బదులు వాటిని పేర్చి, వెదురు బద్దలు గుచ్చి నిలబెడతారు. పైన మట్టి మెత్తుతారు. దాని మీద సున్నపు గార. గోడ మూరెడు దళసరి. ఎండ లోపలికి రాదు.

నేను రైల్వే ఇంజనీరింగ్ ఆఫీసులో డ్రాయింగులు గీసి రిటైరైనవాణ్ని. సిమెంటు, ఇనుము తప్ప నా పెన్సిలు ఎరగదు.

"ఎలుకలు?" అన్నాను.

"గార గట్టిగా ఉంటే ఎలక పళ్లు అరిగిపోతాయి."

"నిప్పు?"

"బిగించిన గడ్డిలో గాలాడదు. గాలి లేకపోతే మంటెక్కడిదండీ? తొమ్మిదో క్లాసు పాఠం."

"వాన?"

"వానే అసలు సంగతి" అంది. "అందుకే గార."

కోతలయ్యాక గడ్డి దిమ్మలు లారీలో వచ్చాయి. అవి దింపుతున్న రోజు నా బావమరిది వచ్చాడు. వర్క్‌షాపులో ఫిట్టరు. అక్కంటే ప్రాణం. ఆమెను ఏడిపించకుండా ఒక్క పూటా ఉండలేడు.

"అప్పా, మేత వొచ్చీసింది. గేదిని ఎప్పుడు కొంటన్నావు?"

"నువ్వున్నావు కదరా" అంది ఆమె, తల ఎత్తకుండా.

లారీ కూలీలతో సహా అందరూ నవ్వారు. వాడు మాత్రం ఆ సాయంత్రం దాకా దిమ్మలు మోశాడు.

మొదటి పూత తాపీతో వేయరు, వేళ్లతో వేస్తారు. పల్చటి మట్టినీళ్లలో చేతులు ముంచి, గడ్డి సందుల్లోకి నొక్కుకుంటూ పోవాలి. మట్టి గడ్డిని పట్టుకోవాలి, గడ్డి మట్టిని పట్టుకోవాలి. నన్నూ దింపింది. నేను పైపైన పూసి ముందుకు పోతుంటే వెనకనుంచి వచ్చి నా మట్టిని వేలితో గీరి, ఊడిపోతున్న పెంకు నా అరచేతిలో పెట్టేది. ఏమీ అనేది కాదు. బడిలో కూడా అంతే. తప్పు లెక్క కొట్టేయదు. వేలు పెట్టి చూపించి పక్క బల్ల దగ్గరికి వెళ్లిపోతుంది.

ప్రతి పూతకూ ముందు గోడను తడపాలి. పొడి గోడ మీద గార వేస్తే అందులోని నీటిని గోడ పీల్చేస్తుంది. గార సత్తువ లేక పొడిపొడిగా రాలిపోతుంది. "ముందు గోడ తాగాలి. తరవాతే మనం" అనేది. నిజంగానే అలాగే చేసేది. పొద్దున్నే గోడ తడిపి వచ్చాకే టీ. నేను టీ పెట్టి పిలిస్తే, "గోడ ఇంకా తాగుతోందండీ" అని పెరట్లోంచి జవాబు వచ్చేది. దీదీకి తెలుగు రాదు కానీ ఆ ఒక్క మాట మా గోడవతల నుంచి విని విని నేర్చుకుంది. పొద్దున ఎదురుపడితే, "తాగుతోందీ?" అని పలకరించేది.

ఇసక పాళ్లు తేల్చుకోవడానికి ప్రహరీ గోడ మీద చిన్న చిన్న చదరాలుగా గార పూసి, ఒక్కోదాని మీద ఒక్కో అంకె గీసింది. కొన్నిటికి కరక్కాయ నానబెట్టిన నీళ్లు కలిపింది, కొన్నిటికి బెల్లం నీళ్లు. వీధిలో వాళ్లు అదేదో మొక్కు అనుకున్నారు. ఒకావిడ ఏకంగా వచ్చి, ఏ దేవుడికి చేస్తున్నారు, మాకూ చెప్పండి అని అడిగింది. "వరుణ దేవుడికండీ" అంది నా భార్య. అది అబద్ధమేం కాదు.

తాపీ మేస్త్రితో పెద్ద వాదన జరిగింది. ఆయన తాతల నాడే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లు. రైల్వే కాలనీలో సగం గోడలకి వాళ్ల చేతి పూతే.

"టీచరమ్మా, గారలో ఓ పిడికెడు సిమెంటు పడితే ఉక్కులా ఉంటాది. ఎవులికీ సెప్పను."

"మేస్త్రీ, ప్లాస్టిక్కు సొక్కా తొడుక్కుని ఎండలో ఓ గంట తిరుగు. అప్పుడు మాటాడదాం."

"తడి లోపలికి రాదు కదమ్మా."

"వస్తాది. ఎక్కడో సోట వస్తాది. వచ్చింది బయటికి పోడానికి దారుండాల కదా. తడవడం తప్పు కాదు మేస్త్రీ, ఆరనివ్వకపోడం తప్పు."

మేస్త్రి నా వైపు చూశాడు. సిమెంటు మనిషిని కదా, నేనేమైనా అంటానని. నేను టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లాను.

పెంకుల కప్పు పడింది. నాలుగు గోడలకీ మట్టి అయింది. మూడు గోడలకి గార అయింది. పడమటి గోడ ఆఖరికి ఉంచింది. వేసవిలో మాకు గాలివాన వచ్చేది వాయవ్యం నుంచి. కాలబైశాఖి అంటారు ఇక్కడ. మధ్యాహ్నం దాకా నిప్పులు చెరిగి, ఉన్నట్టుండి ఆకాశం నల్లబడి, వాన అడ్డంగా కొడుతుంది. దెబ్బంతా పడమటి గోడకే. మరి దాన్నే ముందు చేయొచ్చు కదా అన్నాను. "ఆఖరికైతే చెయ్యి తిరుగుతుంది. దానికి నా మంచి పని కావాలి" అంది.

ఆ గోడ సగం దాకా వచ్చింది. కిటికీకి ఇవతల గార, అవతల వట్టి మట్టి.

శ్మశానం నుంచి వచ్చి, తడి బట్టలతోనే పెరట్లోకి వెళ్లి, మొక్కలకి మందు కొట్టే పంపు తీసి పడమటి గోడకి నీళ్లు కొట్టాను. కొత్త గార ఆరిపోకుండా రోజూ తడపాలి. ఆ వేళకి తడపాలి కాబట్టి తడిపాను. నాకది వింతగా అనిపించలేదు. వెనక్కి తిరిగేసరికి బంధువులంతా వరండాలో నిలబడి చూస్తున్నారు. ఎవరో ఆడమనిషి, "మతి పోయినట్టుందమ్మా" అంది. బావమరిది వచ్చి నా చేతిలోంచి పంపు మెల్లగా తీసుకున్నాడు.

"బావా, సాలు. గోడని నాకు వదిలీ. నాను సూసుకుంటాను."

మర్నాడు వాడు ఎక్కడినుంచో పెద్ద టార్పాలిన్ తెచ్చాడు. పైనుంచి కింద దాకా పడమటి గోడంతా కప్పి, తాళ్లు బిగించి, అడుగున చెక్కలు వేసి రాళ్లు పెట్టాడు. వర్క్‌షాపు మనిషి కట్టిన కట్టు. ఎక్కడా వేలు దూరదు. వాన నుంచి అక్క గోడను, గోడ నుంచి నన్ను, రెండింటినీ ఒకేసారి కాపాడాననుకున్నాడు. నేను చూస్తూ ఊరుకున్నాను. ఆ రోజుల్లో నేను దేన్నయినా చూస్తూ ఊరుకునేవాణ్ని.

ఆ వారంలో ఒక జల్లు పడింది. పెద్దదేమీ కాదు. చూరు కింద, టార్పాలిన్ పైఅంచు నుంచి నీళ్లు లోపలికి జారాయి. మళ్లీ బయటికి దారి లేదు.

పెద్దకర్మ రోజున భోజనాలయ్యాక పెరట్లో వాసన తగిలింది. తడిసిన గడ్డి ఉడికితే వచ్చే పుల్లటి వాసన. బావమరిదిని పిలిచి కట్టు విప్పించాను. టార్పాలిన్ లోపలి వైపు అంతా చెమట పట్టి ఉంది. గార వేసిన సగం బాగానే ఉంది. కిటికీ అవతల, మట్టి సగంలో, గోడంతా మొలకలు వచ్చి ఉన్నాయి. వేలెడు పొడుగున, ఎండ ఎరగక పాలిపోయిన పచ్చటి మొలకలు. వరిగడ్డిలో మిగిలిపోయిన గింజలు మట్టిని చీల్చుకుని గుంపులు గుంపులుగా బయటికి వచ్చాయి.

బావమరిది రెండడుగులు వెనక్కి వేశాడు.

"అప్ప వొచ్చింది" అన్నాడు.

అంతే. క్షణాల్లో ఆ మాట వరండా దాటింది. బంధువులు, వీధిలోవాళ్లు పెరట్లోకి వచ్చేశారు. ఇవాళే కనబడిందంటే మాటలా అన్నారు. ఒకావిడ పసుపు తెచ్చి గోడ అడుగున చల్లింది. ఒకాయన చెప్పులు విడిచి నిలబడ్డాడు. సైన్సు పాఠం చెప్పిన మనిషి గోడ ముందు జనం దణ్ణాలు పెట్టారు. బావమరిది ఆ మొలకల మీద అరచెయ్యి తాకీ తాకనట్టు ఆడిస్తూ నిలబడ్డాడు.

"దీన్ని ఎవులూ ముట్టుకోకండి. ఇలాగే ఉండనీ."

మొలకంటే తడి. తడంటే లోపల గడ్డి కుళ్లుతోందని. నాకు తెలుసు. ఆమె నోటితోనే విన్నాను. అయినా వాడి ముఖం చూస్తే చెప్పాలనిపించలేదు. ఇంకో సంగతి కూడా రాస్తాను. ఒక్క నిమిషం నాకూ వాడు అన్నదే నిజమనిపించింది.

"గోడ తడిగా ఉందిరా" అన్నాను చివరికి. "ఆరబెట్టాలి. మొలకలు తీసి మిగతా గార వేయాలి. లేకపోతే కాలబైశాఖి దీన్ని ఉంచదు."

"ఏడాది తిరక్కుండా ఇంటికి సున్నం తగలకూడదు బావా. నీకు తెలీదా? అప్ప పోయిన ఇంటికి సున్నం కొడతావా?"

జనం అవునన్నట్టు తలలూపారు. ఏటిసూతకంలో వెల్ల వేయకూడదన్నది మా అందరికీ ఉన్న ఆచారమే. ఇప్పుడు వేయకపోతే ఈ వేసవి దాటదు. వేస్తే వాడు నా గడప తొక్కడు. ఇద్దరూ ఆమె నాకు వదిలి వెళ్లినవాళ్లే, ఈ గోడా, వీడూ. ఒకదాన్ని వదులుకోవాలి.

అప్పుడు అత్తగారు లేచారు. కూతురు పోయిన రోజు నుంచీ ఆవిడ ఎవరితోనూ మాట్లాడలేదు. కంట నీరు పెట్టగా కూడా నేను చూడలేదు. జనం దారి ఇచ్చారు. గోడ దగ్గరికి వెళ్లి, ఒక మొలకను పట్టుకుని పీకారు. వేరు చూసి, వాసన చూశారు.

"ఒరే, గడ్డివాములో మొలకొస్తే ఏటవుద్ది?"

బావమరిది చెయ్యి మొలకల మీదే ఉంది.

"సెప్పు. నీకు తెలీకపోతే నాను సెప్తాను. వాము పోద్ది. వాము మీద ఎవుడైనా పసుపు సల్లుతాడేట్రా?"

"అమ్మా, అప్ప..."

"అప్ప లేదు." ఆ మాట ఆవిడ నోట వినడం అదే మొదటిసారి. "ఉంటే ఈపాటికి నీ సెవి మెలిపెట్టును."

"ఏడాది దాకా సున్నం..."

"అది పండక్కి కొట్టే సున్నం. సింగారానికి. ఇది బట్ట. సగం కట్టి వదిలీసి పోనాది మీ అప్ప. మిగతా సగం కట్టకుండా దాన్ని నడివీధిలో నిలబెడతావా?"

అత్తగారు ఒంగి ఒక్కో మొలకా పీకి కొంగులో వేసుకోవడం మొదలుపెట్టారు. కొంతసేపటికి బావమరిది పక్కన కూర్చుని తనూ పీకాడు. పీకుతున్నంతసేపూ, "నానే కప్పినాను, నానే కప్పినాను" అంటూనే ఉన్నాడు. పసుపు చల్లినావిడ కూడా వచ్చి చెయ్యి వేసింది. అత్తగారు ఆ కొంగుతోనే వీధిలోకి వెళ్లి మొలకలన్నీ ఒక ఆవుకి పెట్టి వచ్చారు.

తడి ఎంత లోపలికి వెళ్లిందో చూడాలి. అది చూసే పద్ధతి ఆమె నాకు చూపించింది. సన్నటి ఇనప ఊచ గోడలోకి లోతుగా గుచ్చి, కాసేపు ఉంచి, లాగి అరచేతిలో పట్టుకోవాలి. ఊచ పొడిగా వస్తే గోడ బతికినట్టు. గుచ్చాను. లాగాను. పైన బెత్తెడు మేర తడి. ఆ లోపల పొడి. బావమరిది చేతికి ఇచ్చాను. వాడు దాన్ని చెంపకి ఆనించి చూసుకున్నాడు. ఒకసారి కాదు.

గోడను గాలికి వదిలేశాం. ఎండ బాగా కాసింది. ఆరిన తర్వాత మేస్త్రిని పిలిచాను. ఆయన డ్రమ్ములో నానుతున్న సున్నం వేళ్ల మధ్య నలిపి, "వెన్నలాగుందండి" అన్నాడు. సిమెంటు మాట ఎత్తలేదు. ఆమె గార ఆగిన చోట, కిటికీ పక్కన, వేలితో తడిమి చూశాడు. మళ్లీ తడిమాడు.

"బాబూ, ఇలా రండి. అంచు సూడండి."

గార పని మధ్యలో ఆపితే అంచును మొద్దుగా వదలకూడదు. కొత్త పూత అతుక్కోదు. అక్కడే బీట వస్తుంది. అందుకని ఆపేముందు అంచును ఏటవాలుగా, కాగితంలా పల్చబడేదాకా లాగి, దాని మీద గీతలు పెట్టాలి. కొత్త గార పట్టుకోడానికి. పడమటి గోడ మీద ఆమె అంచు పైనుంచి కింద దాకా పల్చగా లాగి ఉంది. గీతలు కూడా పెట్టి ఉన్నాయి.

"ఆవేళకి ఆపీసినట్టున్నారు" అన్నాడు మేస్త్రి.

లేదు. మధ్యాహ్నానికి కిటికీ దాటిస్తానని ఆ పొద్దున నాకూ చెప్పింది, దీదీకీ చెప్పింది. కలిపిన గార తొట్టి నిండా ఉంది. దీదీని మళ్లీ అడిగాను. ఆవిడ చెప్పింది ఇంతే. గోడవతల నుంచి చూసేసరికి నా భార్య తాపీ బకెట్లో కడుగుతోంది. కడిగి, మెట్టు మీద కూర్చుంది. ఒక తొడుగు తీసి, మంచినీళ్లు అడిగింది. దీదీ నీళ్లు తెచ్చేలోపు పక్కకి ఒరిగిపోయింది.

మర్నాడు నా వంతు పని ఆపే ముందు నేనే ఒక అంచు లాగాను. మేస్త్రి చూపిస్తుంటే. తొందరపడితే ఊడిపోతుంది. పైనుంచి కిందికి లాగాలి, తడి చేయాలి, మళ్లీ లాగాలి, గీతలు పెట్టాలి. చాలాసేపు పట్టింది. నేను తాపీ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఆమెకీ అంతసేపు పట్టి ఉంటుంది. అంతసేపూ ఆమెకు తెలుసు. ఏదో అవుతోందని, పని ఆపాలని తెలుసు. అంతసేపూ ఎవరినీ పిలవలేదు. దీదీ గోడకి అవతలే ఉంది. నా ఫోను నా జేబులోనే ఉంది.

నాకు కోపం వచ్చింది. ఇది రాస్తున్నప్పుడూ ఉంది. ముప్పై ఏళ్ల పైన కాపురంలో నేను ఆమె మీద ఇంతగా కోపగించుకోలేదు. చెప్పుకోవడానికి మనిషి లేదు. గోడ ఉంది. అతుకు ఎక్కడుందో మేస్త్రికి కూడా కనబడనంత బాగా కుదిరింది.

ఆఖరి పూత బావమరిది చేతుల మీదుగా పూర్తయింది. రైలింజన్లకు బోల్టులు బిగించే చేతులు. తాపీ వాటిలో చెంచాలా ఉంది. "ఒత్తకురా, నిమురు" అని మేస్త్రి అంటూనే ఉన్నాడు. నిమిరాడు. ఏడాదిలోపు సున్నం సంగతి వాడు మళ్లీ ఎత్తలేదు. వడ్రంగి వచ్చి తలుపు బిగించాడు. ఆమె అమర్చిన వెదురు లోకప్పుకీ పెంకులకీ నడుమ ఆమె పరిచిన గడ్డి అలాగే ఉంది. గదిలో కొత్త సున్నం వాసన, కరక్కాయ వగరు.

ఆ గదిలో ఉంటారా అని అత్తగారిని నేను అడగలేదు. అడిగే హక్కు నాదని అనిపించలేదు. ఆవిడ మధ్యాహ్నాలు పూరీ గేట్ నుంచి టోటోలో వచ్చి, గోడ చూసి, నాకు కూర ఇచ్చి, ఎండ తగ్గాక వెళ్లిపోయేవారు. లోపలికి అడుగుపెట్టలేదు.

మొన్న అలాగే వచ్చారు. వెళ్లబోతుండగా వాయవ్యం నల్లబడింది. గాలి లేచింది. గొడుగు వెనక్కి తిరిగిపోయింది. ఆవిడ పెరటి మధ్యలో ఉన్నారు. దగ్గరగా ఉన్నది ఆ గదే. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి తలుపు వేశాను. కిటికీ రెక్క మూశాను.

చీకటిగా, చల్లగా ఉంది. కాసేపు ఇద్దరం తలుపు దగ్గరే నిలబడ్డాం.

"వాన కట్టీసిందేటి బాబూ?"

"లేదత్తయ్యా. పడతోంది."

"పడితే వినబడదా?"

తలుపు ఓరగా తీశాను. ఒక్కసారిగా అంతా లోపలికి వచ్చింది. వాన, పక్కిళ్ల రేకుల మీద దరువు, యార్డులో ఇంజను కూత, దీదీ ఎవరినో బట్టలు తీయమని కేకలేయడం. ఆవిడ ఉలిక్కిపడ్డారు. మూసేశాను. మళ్లీ ఏమీ లేదు. ఈ ఊళ్లో పుట్టినప్పటి నుంచి రైలు చప్పుడు లేని చోట నేను నిలబడి ఎరగను. ఆవిడా అంతే.

అత్తగారు చీకట్లో తడుముకుంటూ పడమటి గోడ దాకా వెళ్లారు. అరచెయ్యి ఆనించి చూశారు. పొడిగా ఉంది. నువ్వూ చూడమన్నట్టు నా వైపు తిరిగితే, నేనూ వెళ్లి చెయ్యి ఆనించాను. అవతల వాన అడ్డంగా ఆ గోడనే కొడుతోంది, అది మాకు తెలుసు. ఆవిడ తల పక్కకి వాల్చి గోడకి చెవి ఆనించారు. ఊపిరి బిగబట్టి వింటున్నారు.

"నీకేటైనా వినబడతందా?" అన్నారు, గుసగుసగా.

నేనూ చెవి ఆనించాను.